పాలు లేవన్న తీర్పు

నెలన్నర టీకాకు తెచ్చిన చంటిబిడ్డను తూకం మీద పడుకోబెడతారు. అంకె అనుకున్నంత రాదు. సాయంత్రాలు బాగా ఏడుస్తోందా అని అడిగితే, ఏడుస్తోందని తల్లి చెబుతుంది. గంటగంటకూ పాలకు లేస్తోందా అంటే అవునంటుంది. దాంతో విచారణ ముగుస్తుంది: తల్లికి పాలు చాలడం లేదు, డబ్బా పాలు మొదలుపెట్టండి. ఎన్ని చెంచాల పొడికి ఎన్ని నీళ్లో చీటీ మీద రాసిస్తారు. పురిటి మంచం దగ్గర పెద్దవాళ్లు మొదటి రోజు నుంచీ అంటున్న మాటకు ఆ చీటీ రాజముద్ర. ఈ కాలపు ఆడపిల్లలకు పాలెక్కడ పడతాయి అన్న విషయంలో అత్తగారు, అమ్మమ్మ, పక్కింటావిడ, పిల్లల డాక్టరు ఇంత ఏకాభిప్రాయంతో ఉండటం మన సమాజంలో అరుదైన సంగతే. ఆ ఏకాభిప్రాయం చాలా సందర్భాల్లో తప్పని నా వాదం. పాలు నిజంగానే తక్కువైన తల్లులు లేరని కాదు. ఉన్నారు, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను. అయితే ఈ తీర్పు చెప్పే పద్ధతిలో ఒక పని దాదాపుగా జరగదు. బిడ్డ పాలు తాగుతుండగా ఎవరూ చూడరు.

తూకం చెప్పేది బిడ్డ కడుపులోకి ఎంత చేరిందన్నది, అదీ ఉరామరిగా. తల్లి దగ్గర ఎంత ఉందో అది చెప్పలేదు. ఆ రెంటికీ నడుమ బిడ్డ నోరుంది. చనుమొన ఒక్కటే పెదవులతో పట్టుకుని చప్పరించే బిడ్డకూ, మొన చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా చాలావరకు నోట్లోకి తీసుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి గుటక గుటకగా లాగే బిడ్డకూ దక్కే పాలలో చాలా తేడా ఉంటుంది. మొదటి రకం బిడ్డ అరగంట సేపు రొమ్ము దగ్గరే ఉంటుంది, అలిసి నిద్రపోతుంది, కాసేపటికే ఆకలితో లేస్తుంది. తల్లికేమో చనుమొనలు పగిలి మంట. నాలుక కింది పొర బిగుసుకుపోయినా, నెలలు నిండకుండా పుట్టి లాగే శక్తి లేకపోయినా, కామెర్లతో మగతగా ఉన్నా ఇదే వరస. వీటిలో ఏదీ తూకం మీద కనబడదు. పక్కన కూర్చుని పది నిమిషాలు చూస్తే చాలావరకు కనబడతాయి, వాటిలో కొన్ని బిడ్డను పట్టుకునే తీరు మార్చగానే సర్దుకునేవే.

పైగా రొమ్ములో పాలు ముందే నింపి పెట్టిన సరుకు కాదు, చెలమలో నీళ్లలా తోడేకొద్దీ ఊరతాయి. బయటికి పోకుండా నిలిచిన పాలు, ఇక చాలన్న సంకేతాన్ని తామే గ్రంథులకు అందిస్తాయి. ఒకే వైపు తాగడం అలవాటైన బిడ్డ ఉంటే రెండో వైపు పాలు తగ్గిపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు డబ్బా పాలు ఈ ఏర్పాటులో ఏం చేస్తాయో చూడండి. సీసాతో కడుపునిండా తాగిన బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మూడు గంటలూ రొమ్ములో పాలు అలాగే ఉండిపోతాయి, తయారీ మందగిస్తుంది. మర్నాడు బిడ్డకు దొరికేది ఇంకాస్త తక్కువ, కనుక సీసా ఇంకాస్త ఎక్కువ. కొన్ని వారాలకు తల్లికి నిజంగానే పాలు తగ్గిపోతాయి. డాక్టరు ముందే కనిపెట్టారని ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. వైద్యమే రోగాన్ని తెచ్చిందన్న అనుమానం ఎవరికీ రాదు.

లోపం ఒంట్లో ఉందా, అందిన సాయంలో ఉందా అన్నది ఊహలతో తేలేది కాదు. ఒకే రకం తల్లులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మాత్రం పాలిచ్చే పద్ధతిలో శిక్షణ పొందిన సిబ్బందిని తోడిచ్చి చూడాలి. మైకేల్ క్రేమర్ అనే పరిశోధకుడి బృందం బెలారుస్‌లో 1996, 1997 సంవత్సరాల్లో చేసింది సరిగ్గా ఇదే. 31 ఆసుపత్రులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. 17 వేల పైచిలుకు తల్లీబిడ్డలు పాల్గొన్నారు, ఆ తల్లులంతా చన్నుపాలు ఇవ్వడం మొదలుపెట్టినవాళ్లే. మూడు నెలలు నిండేసరికి కేవలం తల్లిపాల మీదే ఉన్న బిడ్డలు సాయం అందిన జట్టులో 43 శాతం, మామూలు జట్టులో 6 శాతం. ఆ దేశంలో ప్రసూతి సెలవు ఏళ్ల తరబడి ఉంటుంది కదా, మనతో పోలికేమిటి అనవచ్చు. సెలవు రెండు జట్లకూ ఒకటే, కాబట్టి ఆ తేడా సెలవు వల్ల వచ్చింది కాదు. అయినా మన దేశంలోనే కావాలంటే హర్యానా పల్లెల అధ్యయనం ఉంది, 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, మంత్రసానులకు, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇచ్చి, తల్లి ఎక్కడ కలిస్తే అక్కడ, టీకాల దగ్గర, తూకం దగ్గర, ఆమెతో మాట్లాడించారు. మూడు నెలలకు కేవలం తల్లిపాలు తాగే బిడ్డలు ఆ ఊళ్లలో 79 శాతం, మిగతా ఊళ్లలో 48 శాతం. మన వాదానికి ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నీళ్లూ పోతపాలూ ఎక్కువగా పట్టిన ఊళ్లలో బిడ్డలు బరువులో మెరుగ్గా లేరు, రెండు వైపులా బరువులు ఇంచుమించు ఒకటే. విరేచనాలు మాత్రం తల్లిపాల బిడ్డల్లో తగ్గాయి. ఈ ఊళ్ల ఆడవాళ్లకూ ఆ ఊళ్ల ఆడవాళ్లకూ రొమ్ముల నిర్మాణంలో తేడా ఉందని ఎవరూ అనరు కదా.

మరి బిడ్డ ఏడుపు సంగతేమిటి? ఆకలి లేనిదే ఎందుకేడుస్తుంది అన్నది పెద్దవాళ్ల వాదనకు ఆయువుపట్టు. దీనికి జవాబు 1962లోనే వచ్చింది. బెర్రీ బ్రేజల్టన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు 80 మంది ఆరోగ్యవంతులైన శిశువుల ఏడుపును తల్లులచేత రోజూ రాయించాడు. పుట్టిన రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారానికి రోజుకు సుమారు రెండు ముప్పావు గంటలకు చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. ఎక్కువ ఏడుపు సాయంత్రాలే. మన టీకాల పట్టికలో ఆరో వారం ఏముందో తెలిసిందే. అంటే బిడ్డ జీవితంలో ఏడుపు శిఖరాన ఉన్న రోజున ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆ ఏడుపునే పాలు లేవనడానికి సాక్ష్యంగా చూపిస్తున్నాం. డబ్బా మొదలుపెట్టిన నెలకు ఏడుపు తగ్గుతుంది, డబ్బా లేకపోయినా తగ్గేది. పేరు మాత్రం డబ్బాకు. గ్రైప్ వాటర్‌కూ, దిష్టి తీసిన ఎండుమిరపకాయలకూ దశాబ్దాలుగా దక్కిన పేరు కూడా ఇలాంటిదే.

తూకం అంకెను దేనితో పోలుస్తున్నామన్నది మరో చిక్కు. 1970ల చివరి నుంచి ప్రపంచమంతా వాడిన పాత ఎదుగుదల గీతలు ఎక్కువగా సీసాపాలు తాగిన అమెరికా పిల్లలను కొలిచి గీసినవి. తల్లిపాల బిడ్డ మొదటి రెండు మూడు నెలలు చురుగ్గా బరువు పెరిగి, తర్వాత కాస్త నెమ్మదిస్తుంది, అది దాని సహజ గతి. పాత గీత మీద పెడితే ఆ బిడ్డ వెనకబడినట్టే కనబడేది. ఎన్ని లక్షలమంది తల్లుల పాలు ఆ గీత దగ్గర ఆగిపోయాయో లెక్క తీసినవాళ్లు లేరు. ఈ లోపం గుర్తించే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో తల్లిపాలతో పెరిగిన పిల్లలను కొలిచి, 2006లో కొత్త ప్రమాణాలు తెచ్చింది. ఆ ఆరింటిలో మన దేశం ఒకటి, కొలిచింది దక్షిణ ఢిల్లీలో. కాబట్టి అవి తెల్లవాళ్ల లెక్కలు, మన పిల్లలకు పనికిరావు అనే మాట చెల్లదు. మాతాశిశు రక్షణ కార్డులో ఉన్నవి ఈ కొత్త గీతలే. అయితే గీత మారినంత త్వరగా కన్ను మారలేదు. డబ్బాల మీద పిల్లల బొమ్మలు వేయకూడదని చట్టం వచ్చి ముప్పై ఏళ్లు దాటినా, బూరె బుగ్గలు, తొడల మీద మడతలు ఉంటేనే బిడ్డ అన్న ముద్ర మనసులోంచి పోలేదు. సన్నని తల్లిదండ్రులకు పుట్టి, తన గీత మీద తాను నిలకడగా పెరుగుతున్న బిడ్డను చూసి కూడా ఏమీ ఒంటబట్టడం లేదంటారు. ఒక్క రోజు తూకంతో ఏదీ తేలదు. అదే తూకం మీద, అదే తీరున, బట్టల్లేకుండా రెండు మూడు సార్లు చూసిన అంకెల వరస చెప్పేదే మాట.

తీర్పుకు కావలసిన సాక్ష్యాలు నిజానికి పుట్టిన రోజు నుంచే తయారవుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 శాతం పైనే. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. పుట్టిన గంటలోపు తల్లి రొమ్ముకు చేరిన పిల్లలు దేశంలో 41.8 శాతమే, తెలంగాణలో అంతకన్నా తక్కువ. కోత నొప్పితో తల్లి ఒకచోట, బిడ్డ ఇంకోచోట. ఆపరేషన్ అయిన తల్లికి పాలు చేపుకు రావడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, ఆ వ్యవధిలో బిడ్డకు సీసా పరిచయమవుతుంది. తల్లికి ఎక్కించిన సెలైన్ కొంత బిడ్డ ఒంట్లోకీ చేరి, పుట్టినప్పటి బరువును కాస్త పెంచి చూపిస్తుంది. మొదటి రోజే ఆ నీరు మూత్రంగా పోతే, బిడ్డ తగ్గిపోయిందని గాభరా. ఏ బిడ్డయినా మొదటి రోజుల్లో పది శాతం దాకా బరువు తగ్గి, పది పద్నాలుగు రోజుల్లో తిరిగి అందుకుంటుంది. ఈ మాట డిశ్చార్జి రోజున చెప్పి పంపితే ఎన్నో డబ్బాలు కొట్లోనే ఉండిపోయేవి. కాన్పులు ఇంచుమించు అన్నీ ఆసుపత్రిలోనే జరిగే రాష్ట్రాల్లో తల్లిపాలకు అడ్డు ఆసుపత్రిలోనే మొదలవడం వింతే.

అసలు మన ఆడవాళ్లలో బలమేదీ, రక్తమేదీ, పాలెక్కడ నుంచి వస్తాయి అనే వాదన దయగా వినిపిస్తుంది. అదే సర్వేలో దేశంలోని మహిళల్లో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది నిజమే. కానీ ప్రకృతి తల్లిని పిండి అయినా బిడ్డకు పెడుతుంది. గాంబియా దేశపు కెనెబా అనే పల్లెలో అర్ధాకలితో ఉన్న పాలతల్లులకు బలమైన ఆహారం అదనంగా ఇచ్చి చూశారు, పాల పరిమాణం పెరగలేదు. అంటే తిండి తక్కువైనా పాలు తగ్గకుండానే వస్తున్నాయన్నమాట, దెబ్బతింటున్నది తల్లి ఒళ్లు. బాలింతకు మంచి తిండి పెట్టాల్సింది పాల కోసం కాదు, ఆమె కోసం. సొరచేప పిట్టూ, మునగాకూ, మెంతులూ తినేవాళ్లు సంతోషంగా తినండి. కానీ వాటిని వండటంలో చూపే శ్రద్ధలో పావు వంతు బిడ్డ రొమ్ము ఎలా పట్టుకుంటోందో చూడటంలో పెడితే ఫలితం కనబడేది. పథ్యం పేరిట బాలింతకు దాహానికి కూడా నీళ్లు కొలిచి పోసే ఇళ్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

ఇంకొకటి కూడా ఉంది. పాలు తయారు కావడం వేరు, చేపుకు రావడం వేరు. 1948లో న్యూటన్ అనే పరిశోధక దంపతులు చేసిన ఒక చిన్న ప్రయోగంలో, పాలిచ్చే సమయంలో తల్లిని నొప్పితోనూ లెక్కలతోనూ ఇబ్బంది పెడితే బిడ్డకు దక్కే పాలు బాగా తగ్గాయి. ఆ ఇబ్బంది నడుస్తుండగానే పిట్యూటరీ స్రావం ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ వచ్చాయి. పాలు లోపల ఉన్నాయి, బయటికి రానిది భయం వల్ల. నీకు పాలు లేవు అని డాక్టరు నోట విని వణుకుతూ ఇంటికి వెళ్లిన పిల్ల, చుట్టూ నలుగురు నిలబడి చూస్తుండగా బిడ్డను రొమ్ముకు పెట్టుకుంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక డాక్టర్ల వైపు నుంచి వచ్చే బలమైన అభ్యంతరానికి వస్తాను, ఎందుకంటే అది నిజాయితీగలది. మీరు సిద్ధాంతాలు చెబుతారు, నా ముందున్నది నీరసించిన బిడ్డ, దానికి ఏదన్నా అయితే బాధ్యత ఎవరిది అంటారు. సరైన ప్రశ్నే. పాలు అందని పసిబిడ్డ ప్రాణాపాయంలో పడుతుంది. రక్తంలో సోడియం పెరిగిపోవడం, చక్కెర పడిపోవడం, కామెర్లు ముదరడం ఉత్త భయాలు కావు, మన ఎండల్లో మరీను. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లన్నా మూత్రం పోయని బిడ్డ, పాలకు లేపినా లేవని బిడ్డ, పుట్టిన బరువులో పది శాతం మించి తగ్గిన బిడ్డ ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి, అవసరమైతే ఆ గంటలోనే డబ్బా పాలు పట్టాలి. హార్మోన్ల లోపం వల్లో, రొమ్ము కణజాలం ఎదగకపోవడం వల్లో, పాత ఆపరేషన్ల వల్లో నిజంగానే పాలు చాలని తల్లులు కొద్దిమంది ఉంటారు. వాళ్ల బిడ్డలకు పోతపాలు ప్రాణాధారం. నా అభ్యంతరం పోతపాలు ఇవ్వడం మీద కాదు, ఇచ్చే పద్ధతి మీద. యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎన్ని రోజులో రాసే డాక్టరు, డబ్బాకు గడువు రాయరు. మందుగా మొదలైంది తిండిగా మారిపోతుంది. ఎంత, ఎన్నాళ్లు, మళ్లీ తూకం ఎప్పుడు, ఈలోపు రొమ్ము ఆగకుండా ఏం చేయాలి అన్నవి రాస్తే అది వైద్యం. ముందుగా పిండి తీసిన తల్లిపాలు, అవి చాలకపోతే దాతల పాలు, అవీ దొరక్కపోతే డబ్బా. దాతల పాలు పగటికల కాదు. ముంబయిలో సయన్ ఆసుపత్రి 1989లోనే పాలబ్యాంకు పెట్టింది, హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పాలబ్యాంకు ఉంది. పట్టడానికి సీసా అక్కర్లేదు, మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె చాలు. ముక్కున్న గిన్నెతోనో చిన్న కప్పుతోనో పట్టమని వైద్యులు చెబుతున్నది కూడా సీసా తిత్తికి అలవాటుపడ్డ నోరు రొమ్మును వదలకుండా ఉండాలనే. అన్నిటికన్నా ముఖ్యం, ప్రమాదంలో ఉన్న బిడ్డను పట్టుకోవాలన్నా చూడాల్సింది పాలు తాగడాన్నే. గుటకలు వినబడని బిడ్డను నాలుగో రోజునే గుర్తించినవాళ్లు నలభయ్యో రోజు దాకా ఆగరు. భద్రత పేరు చెప్పి చూడటం మానేయడం కుదరదు.

మరో అభ్యంతరం ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. తల్లిపాల గురించి ఇలా రాయడం ఆడవాళ్లలో అపరాధ భావం నింపడమే, ఏం పట్టాలో తల్లి ఇష్టానికి వదిలేయండి అని. ఇష్టానికి వదలాల్సిందే, ఆ మాటకు నేను అడ్డు చెప్పను. ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు హక్కు 2017 నుంచి అమల్లో ఉన్నా అది అందేది వ్యవస్థీకృత రంగంలో ఉన్న కొద్దిమందికే. మూడో నెలలోనే మిరపకాయ కోతకు వెళ్లే తల్లి పోతపాలు ఎంచుకుంటే తప్పు ఆమెది కాదు, ఆమెకు కూలి తప్ప సెలవు లేని లోకానిది. అలసిపోయి, ఇక నావల్ల కాదని డబ్బా తెచ్చుకున్న తల్లికి కూడా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. కానీ నీకు పాలు లేవు అన్న మాట ఎవరి ఇష్టాన్నీ గౌరవించదు. అది ఎంపిక కాదు, ఒంట్లో లోపముందన్న నిర్ధారణ, అదీ పరీక్ష చేయకుండా. ఏళ్లు గడిచినా నాకు పాలు పడలేదని తలదించుకుని చెప్పే ఆడవాళ్లను చూస్తే అపరాధ భావం ఎవరు నింపారో తెలుస్తుంది. రెండో కాన్పుకు అదే మాట ముందే సిద్ధంగా ఉంటుంది, ఈసారి డాక్టరు చెప్పేదాకా కూడా ఆగరు.

వ్యాపారం గురించి రెండు మాటలు చాలు. శిశువుల పాల ప్రత్యామ్నాయాల మీద 1992 చట్టం, 2003 సవరణతో కలిపి చూస్తే, ప్రపంచంలో కఠినమైన వాటిలో ఒకటి. ప్రకటనలు వద్దంది, ఉచిత నమూనాలు వద్దంది, ఆరోగ్య సిబ్బందికి కానుకలు వద్దంది. కానీ పాలు లేవన్న నమ్మకం ఊరంతా ఉన్నప్పుడు డబ్బాకు ప్రకటన ఎందుకు? రెండు నెలల బిడ్డను పూర్తిగా పోతపాల మీద పెంచితే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు మించి రాదు, నెలకు ఏడెనిమిది కావాలి. ఖర్చు భరించలేని ఇల్లు ఏం చేస్తుంది? పొడి తగ్గించి నీళ్లు పెంచుతుంది. బరువు పెరగడానికని మొదలుపెట్టిన పాలతోనే బిడ్డ బరువు తగ్గడం అలా జరుగుతుంది.

చివరికి మిగిలే జవాబు, అంత సమయం ఎక్కడుంది అన్నది. టీకాల రోజున వరసలో నలభై మంది ఉంటే ఒక్కొక్కరి దగ్గర కూర్చుని పాలు తాగడం చూడటం డాక్టరు వల్ల కాదు, ఒప్పుకుంటాను. డాక్టరే చూడాలని ఎవరన్నారు? హర్యానాలో చూసింది డాక్టర్లు మాత్రమే కాదు. మన దగ్గర ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికి వచ్చి, బిడ్డను తూచి, పాలు తాగే తీరు చూడాలని ఇప్పటికే ఉంది. ఆ నలభై రెండో రోజే నెలన్నర టీకా రోజు. ఆ అయిదు సార్లూ ఆమె రాసిన అంకెలూ, చూసిన సంగతులూ కార్డులో ఉంటే, ఆరోసారి డాక్టరు చేతిలో పడేది ఒంటరి అంకె కాదు. ఆ కార్డు తిరగేయకుండా, ఆశాను పిలిచి అడగకుండా రాసే చీటీని తల్లి వెనక్కి ఇచ్చి, ముందు నా బిడ్డ తాగడం చూడండి అని అడగడంలో తప్పేమీ లేదు. ఇంత పనికి, ఆ సందర్శనలన్నీ పూర్తి చేసినందుకు కలిపి, ఆశా కార్యకర్తకు నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆమెకు శిక్షణ పెంచాలన్నా, ప్రోత్సాహకం పెంచాలన్నా బడ్జెట్ లేదని చెప్పేవాళ్లు, ఒక్క డబ్బా పాలపొడి ధర అంతకన్నా ఎక్కువన్న సంగతి ఒకసారి కొట్లో అడిగి తెలుసుకోవచ్చు.